ఉండుడా, వచ్చుడా? ముందు అప్పు లెక్క తేలాలె

(మెదక్ పట్టణంలో దళిత విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరునే ఉంచి, అచ్చు కోసం కొద్దిగా సరిచేశాం.)

 

ఈ సభ కరపత్రం మీద "విదేశీ చదువులు - అవకాశాలు" అని అచ్చేసిన్రు. అది చూసి మేము నవ్వుకున్నం. ఎందుకంటే మాట్లాడనీకి వచ్చిన మా దగ్గర పాస్‌పోర్టే లేదు. మేము నలుగురం సర్కారు బడి పంతుళ్లం. మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. మా నాయనలు వేలిముద్ర వేసేటోళ్లు. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ల లెక్క రంగురంగుల బొమ్మలు చూపెట్టుడు మాతోని కాదు. ఒక బిడ్డ ముచ్చట చెప్తం. ఆ బిడ్డ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంట మేము నేర్చుకున్నది మీ ముందు పెడ్తం.

ఆ బిడ్డ ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మా దగ్గరే చదివింది. తల్లి మా బడిలనే మధ్యాహ్న భోజనం వండుతది. తండ్రి లేడు. ఇంటర్ గురుకులంల, ఇంజనీరింగు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద. తర్వాత మురుగునీటి శుద్ధి మీద ఎమ్మెస్ చేయనీకి అమెరికా పోయింది. చదువు అయిపోయినంక ఒకనాడు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసింది. "సార్, నాలుగు తొవ్వలు కనబడుతున్నయి. ఇక్కడ్నే కొలువు చూసుకొని హెచ్-1బి లాటరీల పేరు వేసుడు ఒకటి. కెనడాకు పెట్టుకునుడు ఒకటి. జర్మనీ పోవుడు ఒకటి. ఇంటికి వచ్చుడు ఒకటి. మీరేమంటరు?" అన్నది. మేమేం చెప్తం? "నలుగురం కూసొని మాట్లాడి చెప్తం బిడ్డా" అన్నం. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అడిగింది. "సార్, నేను రాకపోతే ద్రోహినైతనా?"

ఆ మాట ఆమెకు ఊకెనే రాలేదు. నాలుగేండ్ల కింద ఇదే ఊర్ల ఒక సభల మేమే అన్నం, చదువుకొని సముద్రం దాటినోడు జాతికి లేనట్టే లెక్క అని. జనం చప్పట్లు కొట్టిన్రు. ఆ బిడ్డ వెనుక వరుసల కూసొని విన్నది. ఇయ్యాల ఆ మాటకు మేము జవాబు చెప్పుకోవాలె. అందుకే ఇక్కడికి వచ్చినం.

సముద్రం ముందు దాటింది ఎవరు?

విదేశాలంటే పెద్ద కులాలోళ్ల జాగీరని మనం అనుకుంటం. చరిత్ర అట్ల లేదు. సముద్రం దాటితే కులం పోతదని పండితులు శాస్త్రాలు తిరగేస్తున్న కాలంలనే కూలోళ్లు ఓడలెక్కిన్రు. నేటాల్ చెరకు తోటలకు (1860 నుంచి), మారిషస్‌కు, ఫిజీకి, మలయాకు, బర్మాకు తెలుగు కూలీలు పోయిన్రు. వాళ్లల్ల మాలలున్నరు, మాదిగలున్నరు, వేరే శ్రమ కులాలూ ఉన్నయి. అయిదేండ్ల ఒప్పంద కాగితం మీద వేలిముద్ర. ఆ కాగితాన్నే గిర్మిట్ అన్నరు. మన దిక్కు వాడలల్ల వీసా అంటే చాలా కాలం దుబాయ్ వీసానే. పదో తరగతి పాస్ కానోడి పాస్‌పోర్టు మీద ఇసిఆర్ ముద్ర, వెనుక ఏజెంటు అప్పు, ముందు ఎండ. అంటే పరాయి దేశం పోవుడు మనకు కొత్త కాదు. చదువుతోని పోవుడు కొత్త.

చదువుతోని పోయినోళ్లల్ల మనకు పెద్దదిక్కు బాబాసాహెబ్. 1913ల బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిండు. ఆ పైసలు ఊకెనే రాలే. చదువు అయినంక పదేండ్లు సంస్థానంల కొలువు చేస్తనని ఒప్పందం రాసిచ్చిండు. 1916ల లండన్ చేరిండు. స్కాలర్‌షిప్పు గడువు అయిపోయిందంటే 1917ల చదువు మధ్యలనే వదిలి రావలసి వచ్చింది. వచ్చి బరోడాల కొలువుల చేరితే ఏమైంది? ఉండనీకి ఇల్లు దొరకలేదు. పారశీకుల సత్రంల ఉంటే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. అమెరికా, ఐరోపాలల్ల ఉన్నప్పుడు తాను అంటరానోడినన్న సంగతే మతిల నుంచి పోయిందని, బరోడా రైలు దిగంగనే అది మళ్లా గుర్తుకొచ్చిందని ఆయన రాసుకున్నడు. ఆ రాతలకు పేరేందో తెలుసా? "వెయిటింగ్ ఫర్ ఎ వీసా". పరాయి దేశం వీసా ముచ్చట గాదది. సొంత దేశంల ఒక సత్రంల పండనీకి, ఒక చెరువుల నీళ్లు ముట్టనీకి దొరకని వీసా.

1920ల ఆయన మళ్లా లండన్ పోయిండు. ఈసారి కాలేజీల పాఠాలు చెప్పి కూడబెట్టిన పైసలు, కొల్హాపూర్ సాహు మహరాజ్ సాయం, దోస్తు నవల్ భతేనా ఇచ్చిన అప్పు. 1923ల డిఎస్సీ పట్టా తీసుకున్నడు, బారిస్టరయిండు, వచ్చిండు. మొదటిసారి ఒప్పందం గుంజుకొచ్చింది. రెండోసారి తన పని తాను ఎంచుకొని వచ్చిండు. ఈ రెండు రాకలకూ నడుమ తేడాను పట్టుకోండ్రి. మేము చెప్పేదంతా ఆ తేడా మీదనే ఉన్నది.

అప్పు లెక్క

ఆ బిడ్డకు జవాబు చెప్పాలని మేము ముందు వీసాల పుస్తకం తెరవలేదు. వాళ్ల అమ్మ దగ్గరికి పోయినం. "అక్కా, ఎంత బాకీ ఉన్నది?" అని అడిగినం. ఆమె అన్నది, "సారూ, పిల్ల ఏడుంటే ఏంది, మిత్తి ఆగాలె." చూడుండ్రి, మా నలుగురి చదువు కంటే ఆమె మాటే పెద్దది.

లెక్క ఇట్ల ఉన్నది. ఫీజు, ఖర్చులు అన్ని కలిపి 42 లక్షలు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద సర్కారు ఇచ్చేది 20 లక్షల దాకా. ఈ పథకం మన ఉద్యమాలు కొట్లాడి తెచ్చుకున్న ఫలం, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కాని ఆ పైసలు విడతల వారీగా వస్తయి. అక్కడ దిగినట్టు కాగితం చూపినంక ఒక విడత, మొదటి సెమిస్టరు ఫలితాలు చూపినంక ఇంకో విడత. మరి దిగే దాకా? విమానం టికెట్టు, వీసా ఫీజు, మొదటి ఫీజు, బ్యాంకు ఖాతాల చూపెట్టే సొమ్ము ఎవరియ్యాలె?

బ్యాంకుకు పోవాలె. మామూలు విద్యా రుణాలల్ల 7.5 లక్షలు దాటితే పూచీకత్తుగా ఆస్తి అడుగుతరు. ఆ తల్లి దగ్గర ఉన్నది ఇరవై గుంటల లావణి పట్టా. సర్కారు భూమిలేనోళ్లకు ఇచ్చిన జాగ. దాన్ని అమ్మరాదు, బదలాయించరాదని 1977 చట్టం ఉన్నది. పెద్దోళ్లు మన భూములు కాజేయొద్దని తెచ్చిన మంచి చట్టమే. కాని ఆ కాగితం తీసుకపోతే బ్యాంకు మేనేజరు మెల్లగ పక్కకు జరిపిండు. పక్క కుర్చీల కూసున్న పటేలు కొడుకు పదెకరాల పాస్‌బుక్కు పెట్టిండు. ఇద్దరి పిల్లలకు మార్కులు ఒక్కటే, యూనివర్సిటీ ఒక్కటే, వీసా ఒక్కటే. ఇద్దరి మిత్తి మాత్రం ఒక్కటి కాదు.

బ్యాంకు ఇచ్చింది 7.5 లక్షలు, మిత్తి ఏడాదికి నూటికి 11. అంటే నెలకు దగ్గర దగ్గర 6,900 రూపాయలు. మిగిలిన 14.5 లక్షలు ఊర్ల తెచ్చింది, నూటికి రెండు రూపాయల మిత్తి. అది ఏడాదికి కాదు, నెలకు. అంటే నెలకు 29,000. రెండూ కలిపితే నెలకు 36,000 దాకా మిత్తికే పోతది. అసలు అట్లనే ఉంటది.

ఇప్పుడు చెప్పుండ్రి. ఈ బిడ్డ రేపు ఇంటికొచ్చి హైదరాబాదుల 40,000 జీతానికి కొలువుల చేరితే ఏం మిగులుతది? 4,000. మేము నాలుగేండ్ల కింద "తిరిగి రావాలె" అని ఉపన్యాసం ఇచ్చినప్పుడు ఈ 36,000 లెక్క మా నోట రాలేదు. అప్పుల ఉన్నోడిని పట్టుకొని త్యాగం చెయ్యమనుడు ఉద్యమం కాదు. అది ఇంకో తీరు వెట్టి.

నాలుగు తొవ్వలు

అప్పు లెక్క తెలిసినంక వీసాల లెక్కకు వచ్చినం. మేము చెప్పేవి ఎప్పుడైనా మారుతయి. దరఖాస్తు మీద సంతకం పెట్టేనాడు ఆ దేశం సర్కారు రాతను, మీ యూనివర్సిటీల విదేశీ విద్యార్థుల ఆఫీసును చూసుకోవాలె. దోస్తు చెప్పిండని పెట్టొద్దు.

మొదటిది అమెరికా. 2023-24ల అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాల కంటే ఎక్కువ. అండ్ల తెలుగోళ్ల పాలు పెద్దదే. చదువు అయినంక ఓపిటి అని ఏడాది పని చేసుకోవచ్చు. సైన్సు, ఇంజనీరింగు వాళ్లకు ఇంకో 24 నెలలు. మొత్తం మూడేండ్లు. కాని ఏడాది ఓపిటిల 90 రోజుల కంటే ఎక్కువ ఖాళీగా ఉండరాదు. పొడిగింపు కలుపుకుంటే మొత్తం 150 రోజులు. ఈ మూడేండ్లల్ల కంపెనీ హెచ్-1బి కి పేరు పెట్టాలె. ఏడాదికి 65,000, అమెరికాల పైచదువు చదివినోళ్లకు ఇంకో 20,000. దరఖాస్తులు ఎక్కువ గనుక లాటరీ.

ఆ లాటరీ కూడ ఇప్పుడు అందరికీ ఒక్క తీరు లేదు. 2025 డిసెంబరుల కొత్త నియమం ప్రకటించిన్రు. జీతం నాలుగో మెట్టుల ఉంటే పేరు డబ్బాల నాలుగు సార్లు పడుతది, మొదటి మెట్టుల ఉంటే ఒక్కసారే. అప్పుడే చదువు అయిపోయిన బిడ్డ ఏ మెట్టు మీద ఉంటది? 2025 సెప్టెంబరుల ఇంకోటి వచ్చింది, కొత్త హెచ్-1బి కి లక్ష డాలర్ల ఫీజు. అక్టోబరుల వివరణ ఇచ్చిన్రు, అక్కడ్నే ఉండి చదువు వీసా నుంచి కొలువు వీసాకు మారేటోళ్లకు ఇది పడదని. కాబట్టి దరఖాస్తు నడుస్తున్నప్పుడు ఇంటికి రావుడు పోవుడు పెట్టుకుంటే పని చెడుతది. లాటరీ లేని తొవ్వ ఒకటి ఉన్నది. విశ్వవిద్యాలయాలు, లాభం చూసుకోని పరిశోధన సంస్థల కొలువులకు ఆ 85,000 లెక్క వర్తించదు. జీతం తక్కువ, కాని నీళ్ల మీద చదివిన మా బిడ్డకు పనికొచ్చేది.

లాటరీ తగిలినా అది ఆరేండ్ల ముచ్చటనే. గ్రీన్ కార్డు వేరే. 1990 చట్టం ప్రకారం కొలువుల మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడు మించొద్దు. అందుకే మనోళ్ల వరుస కదలదు. 2025 అక్టోబరుల చూస్తే మాస్టర్స్ చదివిన భారతీయుల వరుస 2013ల దరఖాస్తు పెట్టినోళ్ల దగ్గరే ఉన్నది. ఇయ్యాల వరుసల నిలబడ్డోళ్ల వంతు వచ్చేసరికి వాళ్ల పిల్లలు 21 దాటి ఆ వరుసల నుంచే బయట పడొచ్చు. ఈ వరుసను జీవితంగా చేసుకోవాల్నా అన్నది బాగ ఆలోచించాలె.

రెండోది కెనడా. 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అని మార్కుల పద్ధతి పెట్టిన్రు. వయసు, చదువు, భాష, పని అనుభవం అన్నిటికి మార్కులు. ఇరవైల్ల ఉన్నోళ్లకు వయసు మార్కులు నిండ వస్తయి. 2025 మార్చి నుంచి కొలువు ఆఫరు చూపితే ఇచ్చే మార్కులు తీసేసిన్రు. 2023 నుంచి ఫ్రెంచి భాష వచ్చినోళ్లకు, ఆరోగ్య రంగపోళ్లకు వేరే పిలుపులు పెడుతున్నరు. మంచిది ఏందంటే ఇక్కడ శాశ్వత నివాసం యజమాని చేతుల ఉండదు. కష్టం ఏందంటే ఆ దేశంల పనిచేసిన అనుభవం లేకుంటే మార్కులు అందుడు కష్టం. కొత్తగా చదువుకు పోయేటోళ్లకు 2024 నుంచి కోటా పెట్టిన్రు, ఖాతాల చూపెట్టే సొమ్ము 10,000 డాలర్ల నుంచి రెండింతలు చేసిన్రు. ఆస్తి లేనోళ్లకు అదే పెద్ద గోడ.

మూడోది జర్మనీ. మా నలుగురికీ ఈ తొవ్వ తెల్వనే తెల్వదు. మన పిల్లలకు చెప్పేటోళ్లు లేకనే అది మరుగున పడ్డది. కన్సల్టెన్సీలకు కమీషను దొరకని చోటు గూర్చి వాళ్లెందుకు చెప్తరు? అక్కడ సర్కారు యూనివర్సిటీలల్ల చాలా వాటికి ట్యూషన్ ఫీజు లేదు. కొన్నిట్ల పెట్టిన్రు, చూసుకోవాలె. ఖర్చుల కోసం ఏడాదికి 11,904 యూరోలు ఖాతాల కట్టాలె, అది నెలనెల మనకే వస్తది. అక్కడ చదివినోళ్లు కొలువు వెతుక్కోనీకి 18 నెలలు ఉండొచ్చు. వేరే దేశంల చదివినోళ్లకు 2024 జూన్ నుంచి అవకాశ కార్డు అని ఒకటి వచ్చింది, ఏడాది ఉండి కొలువు వెతుక్కోవచ్చు. కొలువు దొరికితే బ్లూ కార్డు. కొత్త పట్టభద్రులకు, ఇంజనీర్లకు 2025ల ఏడాదికి 43,760 యూరోల లోపలి జీతమే చాలింది. జర్మన్ భాష బి1 మెట్టు దాటితే బ్లూ కార్డు మీద 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు. అమెరికాల పదేండ్లు దాటిన వరుస, ఇక్కడ రెండేండ్లు నిండకముందే. కాని భాష నేర్వాలె. భాష గూర్చి భయపడకుండ్రి. ఇంగ్లీషు మన ఇంటి భాషనా? అదీ నేర్చుకున్నదే.

ఇంగ్లండు ముచ్చట ఇక్కడ కూసున్న డిగ్రీ పిల్లల కోసం చెప్తం. అక్కడ చదివినోళ్లకు రెండేండ్లు పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఉన్నది. 2027 జనవరి నుంచి పెట్టుకునే దరఖాస్తులకు, పిహెచ్‌డి వాళ్లు తప్ప, అది 18 నెలలే. ఆ తర్వాత కొలువు వీసాకు 2025 జూలై నుంచి మామూలు జీతం హద్దు ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తోళ్లకు 33,400. ఒక్క ఏడాది మాస్టర్స్‌కు ఇల్లు తాకట్టు పెట్టి పోయేటోళ్లు ఈ అంకెలు గోడ మీద రాసుకోవాలె.

నాలుగోది ఇంటికి రావుడు. దీన్ని ఎవ్వరూ తొవ్వగా లెక్కబెట్టరు, ఓడిపోయినోళ్ల గతి అనుకుంటరు. మేము ఒప్పుకోం. విశ్వవిద్యాలయాలల్ల, పరిశోధన సంస్థలల్ల, ప్రభుత్వ రంగంల మన రిజర్వేషన్ కొలువులు ఖాళీగా ఉంచి అర్హులు లేరని రాస్తున్నరు. ఆ అర్హులు ఎక్కడున్నరో మనకు తెలుసు. కాని నోటిఫికేషను పడే దాకా ఆ 36,000 మిత్తి ఎవరు కడ్తరు? అది తేల్చకుండ "రా బిడ్డా" అనే హక్కు మాకు లేదు.

అడ్డదారి ముచ్చట

లాటరీ తగలని పిల్లల దగ్గరికి ఒకడొస్తడు. లేని అనుభవం రాయిస్తనంటడు, పేరుకే ఒక కాలేజీల చేర్పిస్తనంటడు. వినొద్దు. 2011ల కాలిఫోర్నియాల ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన్రు. 2019 జనవరిల ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని బయటపడ్డది. దాన్ని పెట్టిందే అక్కడి సర్కారు పోలీసులు, వల వేయనీకి. మొదట పట్టుకున్న 130 మందిల 129 మంది మన దేశపోళ్లు. అండ్ల తెలుగు పిల్లలే ఎక్కువ. పైసలున్నోడికి వకీలు దొరుకుతడు, మంత్రి దాకా ఫోన్ పోతది. మనకు? తప్పు ఒక్కటే అయినా మన మీద పడే దెబ్బ పెద్దది.

ఉద్యమంల ఉన్న పిల్లలకు ఇంకో మాట. 2025 జూన్ నుంచి అమెరికా చదువు వీసా అడిగేటోళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేటట్టు పెట్టాలని నియమం తెచ్చిన్రు. నోరు మూసుకోమని మేము చెప్పం. తెలిసి మాట్లాడుండ్రి.

కులం విమానం ఎక్కదా?

ఎక్కుతది. ముందు సీట్లనే కూసుంటది. రూములు కిరాయికి తీసుకునేటప్పుడు "మీ ఇంటిపేరేంది, ఏ ఊరు, మీ ఊర్ల ఎక్కడ?" అని అడుగుతరట. మా బిడ్డ మొదటి నెలల రెండు రూములు మారింది. అక్కడి తెలుగోళ్ల సంఘాలు కులాల వారీగా చీలిన సంగతి దాచితే దాగేది కాదు. 1923ల భగత్ సింగ్ థిండ్ అనేటాయన అమెరికా పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాక కొట్లాడినప్పుడు ఆయన తరఫు వాదం ఏందో తెలుసా? తాను అగ్రకులపోడు గనుక తెల్లజాతి కిందనే లెక్క అని. కోర్టు ఒప్పుకోలే. వందేండ్ల కిందనే కులాన్ని వీసా కాగితం చేయాలని చూసిన్రు.

కాని అక్కడ కొట్లాట కూడ నడుస్తున్నది. 2019ల బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022ల కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం కులాన్ని వివక్షల జాబితాల చేర్చినయి. 2020ల సిస్కో కంపెనీ మీద కాలిఫోర్నియా సర్కారు సంస్థనే కుల వివక్ష కేసు వేసింది. 2023ల ఇద్దరు ఇంజనీర్ల మీద దాన్ని ఉపసంహరించుకున్నా, కులం అన్న మాట అక్కడి కోర్టుకు ఎక్కింది. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నరు వీటో చేసిండు. 2023 అక్టోబరుల మేరీల్యాండుల బాబాసాహెబ్ విగ్రహం లేచింది. ఇవన్నీ ఎవరు చేసిన్రు? మేము "జాతికి లేనట్టే" అన్న మన పిల్లలే చేసిన్రు. అక్కడ ఉన్నరు గనుకనే చేసిన్రు. ఆ సంగతి తెలిసినంక మా మాట మాకే సిగ్గనిపించింది.

అట్లని బాబాసాహెబ్ 1956ల ఆగ్రాల పడ్డ బాధ, చదువుకున్నోళ్లే తనను మోసం చేసిన్రన్న బాధ, మేము మరువలేదు. ఇంటిపేరు మార్చుకొని, వాడ పేరెత్తితే ఫోన్ పెట్టేసేటోళ్లు ఉన్నరు. వాళ్లు హైదరాబాదుల ఉన్నా అంతే, మెదక్‌ల ఉన్నా అంతే. ద్రోహం పాస్‌పోర్టుల ఉండదు.

మేము ఇచ్చిన జవాబు

నలుగురం మూడు ఆదివారాలు కూసొని ఆ బిడ్డకు ఇట్ల చెప్పినం.

బిడ్డా, ముందు మిత్తి ఆపు. ఓపిటి ఉన్నన్ని నాళ్లు అక్కడ్నే నిక్కమైన కొలువు చెయ్యి. వచ్చిన జీతంల నుంచి ముందు ఊరి బాకీ కట్టు, బ్యాంకుది తర్వాత. నూటికి రెండు రూపాయలది ఆగినంకనే నీకు ఏ తొవ్వ అయినా తొవ్వ అయితది. విశ్వవిద్యాలయ పరిశోధన కొలువులకు దరఖాస్తు పెట్టు. లాటరీల పేరు వెయ్యి, కాని దాని మీద బతుకు వెయ్యకు. ఇయ్యాల్టి నుంచే జర్మన్ నేర్చుకో. కెనడాకు మార్కులు లెక్క వేసుకో, అందుతే పెట్టు. రెండేండ్లకు ఒక తారీఖు రాసుకో. ఆ నాడు అప్పు ఎంత మిగిలింది, వీసా ఎక్కడున్నది, అమ్మ ఎట్లున్నది, నీ మనసు ఏమంటున్నది, ఈ నాలుగూ చూసి నువ్వే తేల్చుకో. అమ్మకు పానం బాగలేకుంటే ఆ తారీఖు దాక ఆగకు. అప్పటికి ఊరి బాకీ తీరి, వద్దామనిపిస్తే రా, తల ఎత్తుకొని రా. ఉందామనిపిస్తే ఉండు, పేరు దాచుకోకుండ ఉండు. నువ్వు ద్రోహివి కావు. ఆ మాట అన్నందుకు మేము తప్పు ఒప్పుకుంటున్నం.

ఆమె చానాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "అమ్మకు చెప్పిన్రా సార్?" అని అడిగింది. చెప్పినం. ఆ అక్క అన్నది, "మంచిగ చెప్పిన్రు, గని ఆ ఊరి బాకీలకు మీ నలుగురేమన్న ఇస్తరా?"

నిజమే గదా! సలహా అందరం ఇస్తం. అందుకే ఈ సభ ముందు నాలుగు మాటలు పెట్టి ముగిస్తం.

ఒకటి. ఆస్తి లేని ఎస్సీ, ఎస్టీ పిల్లల విదేశీ విద్యా రుణాలకు 7.5 లక్షలు దాటినా సర్కారే పూచీ ఉండాలని కొట్లాడాలె. భూమి పంచని సర్కారుకు భూమి కాగితం అడిగే హక్కు లేదు.

రెండు. విద్యానిధి మొదటి విడత విమానం ఎక్కకముందే ఇయ్యాలె. దిగినంక ఇస్తే ఆ నడుమ ఉన్న గ్యాపంతా మిత్తి వ్యాపారిదే.

మూడు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పుల 2022ల భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అంశాల చదువులకు దారి మూసిన్రు. కులం గూర్చి చదివేదే మన పిల్లలు. ఆ దారి తెరవాలని అడగాలె.

నాలుగు, ఇది మన పని. ఈ జిల్లాల రిజర్వేషన్ మీద కొలువులు చేస్తున్న మనం 200 మందిమి నెలకు 500 వేస్తే లక్ష రూపాయలైతది. ఆ లక్షతోని నెలకొక ఇంటి ఊరి బాకీల కొంత తీర్చి, మిత్తి లేని బాకీగ మార్చొచ్చు. కొలువుల నిలబడ్డ బిడ్డ అసలు తిరిగి కడితే ఆ పైసలు ఇంకో బిడ్డకు పోతయి. మేము నలుగురం ఈ నెల నుంచే మొదలు పెట్టినం. రాత పుస్తకం ఇగో ఈ బల్ల మీద ఉన్నది. పోయేముందు చూసిపోండ్రి.

ఈ పట్నంల పెద్ద చర్చి 1914ల మొదలై 1924ల పూర్తయింది. కరువు కాలంల తిండి కోసం మనోళ్లు ఆ రాళ్లు మోసిన్రని ముసలోళ్లు చెప్తరు. కట్టినోళ్లకు గిర్మిట్ తొవ్వ, దుబాయ్ తొవ్వనే ఎరుక. వాళ్ల మనుమరాళ్లకు నాలుగు తొవ్వలు కనబడుతున్నయి. ఎటు పోవాలె అన్నది మిత్తి వ్యాపారి తేల్చొద్దు, లాటరీ డబ్బా తేల్చొద్దు, వేదికెక్కిన మాలాంటోళ్లూ తేల్చొద్దు. పోయే హక్కు, ఉండే హక్కు, వచ్చే హక్కు మూడూ ఆ బిడ్డవే.

జై భీమ్!